ఎండుచేపల సంచిలో తిమింగలం

రాయపూర్ నుంచి సముద్రం చూడాలంటే రైల్లో ఐదువందల కిలోమీటర్లు పోవాలి. మా వీధిలో పుట్టి పెరిగిన వాళ్ళలో సగం మంది సముద్రాన్ని టీవీలో తప్ప చూసి ఎరగరు. అలాంటి వీధిలో, ఒక్క వారం రోజుల్లో, తిమింగలం వాంతిని వాసన చూసి గుర్తుపట్టగలిగిన వాళ్ళు పదకొండు మంది తేలారు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. వాళ్ళలో తొమ్మిది మంది "అదే" అన్నారు. ఒకాయన "అదే, కానీ పాతది" అన్నాడు. పదకొండోవాణ్ణి నేను. "తెలియదు" అన్నాను. అందరికీ కోపం వచ్చింది నా ఒక్కడి మీదే.

లాక్‌డౌన్లన్నీ అయిపోయిన తర్వాతి శీతాకాలం అది. మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా వైపు పెద్దక్కని అప్ప అంటారు. మా అప్ప, బావ ఆ శీతాకాలం కళింగపట్నం దగ్గర ఒక చేపల పల్లెలో చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. కాంటా వదిలి వెళ్ళడం కుదరక నేను ఆగిపోయాను.

కాంటా అంటే లారీని సరుకుతో సహా తూచే వేబ్రిడ్జి. ఇక్కడ ధరమ్‌కాంటా అంటారు. ఊరి చివర భన్‌పురి పారిశ్రామికవాడలో అలాంటి ఒక కాంటా మీద ఇరవై మూడేళ్ళుగా కూర్చుంటున్నాను. ఇంటర్ తప్పాను, అది కూడా లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. ఆ తర్వాత లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని, లారీకీ లారీకీ మధ్య ఖాళీలో నేర్చుకున్నవే. ఎవరింటికి ఎన్ని టైల్స్ పడతాయో, ఎవరి ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో అడగడానికి మావాళ్ళు నా దగ్గరికే వస్తారు. చెబితే నమ్ముతారు కూడా. వాళ్ళకి ముందే నచ్చిన జవాబు చెబితే ఇంకా బాగా నమ్ముతారు.

బావ నా కాంటాకి ఎదురుగా, ఇనుప రాడ్లు చేసే ఒక చిన్న కార్ఖానాలో స్టోర్‌కీపరు. అప్పటికి పద్నాలుగేళ్ళ సర్వీసు. స్టోర్‌లో ఒక్క బోల్టు తగ్గినా రాత్రి అన్నం సయించదు ఆయనకి. అంత జాగ్రత్త మనిషి.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన మంగళవారం సాయంత్రం నన్ను ఇంటికి పిలిపించాడు.

"తలుపెయ్యి," అన్నాడు నేను లోపలికి వెళ్ళగానే. "గడియ కూడా పెట్టు."

మంచం కింది నుంచి ఒక గోనెసంచి లాగాడు. అందులోంచి ఒక తువ్వాలు మూట. మూటలోంచి కొబ్బరికాయంత ముద్ద. బూడిద రంగు, అక్కడక్కడా నలుపు, పైన ఇసుక అంటుకుని ఉంది.

"ముక్కు దగ్గర పెట్టుకో, బామ్మర్దీ."

పెట్టుకున్నాను. "చేపల వాసన," అన్నాను.

"సముద్రం వాసన," అని సరిదిద్దాడు. "ఇదేటనుకుంటున్నావు? తిమింగలం వాంతి. ఒడ్డు మీద దొరికింది. తెల్లారే నడకకెళ్తే, పడవలు లాగి పెట్టిన చోట, ఇలగ పడున్నాది. ఎవడూ చూడనేదు. అదీ నసీబంటే!"

తిమింగలం వాంతి గురించి ఆ రోజుల్లో ఫోను ఉన్న ప్రతివాడికీ తెలుసు. వారానికొక వీడియో వచ్చేది: ఎక్కడో ఒక జాలరికి ముద్ద దొరికింది, మర్నాటికల్లా కోటీశ్వరుడయ్యాడు. అసలది వాంతి కాదు. ఒక జాతి పెద్ద తిమింగలం పేగుల్లో పేరుకునే మైనంలాంటి పదార్థం. బయటపడి ఏళ్ళ తరబడి నీళ్ళ మీద తేలుతుంది. అత్తర్లలో వాసన నిలవడానికి కలుపుతారు. అంబర్‌గ్రిస్ అంటారు. ఇదంతా ఆ రాత్రే చదివాను. ఇంకో సంగతి కూడా చదివాను: మన దేశంలో దాన్ని అమ్మడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం.

మర్నాడు ఒక కాగితం మీద రెండు గీతలు గీసి బావకి చూపించాను. "ఇది అసలుది కాకపోతే నీకొచ్చేది సున్నా. అసలుదైతే నీకొచ్చేది జైలు. రెండు గడుల్లో ఏది చూసినా లాభం లేదు. పరీక్ష కూడా అక్కర్లేదు, బావా. పారెయ్."

బావ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడో గడి ఏదీ?"

"మూడోదేంటి?"

"అసలుదే, కాని దొరకం. ఆ గడి గియ్యనేదేటి? మా లారీ డ్రైవరు తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు."

ఇరవై మూడేళ్ళ అనుభవంలో నాకు తెలిసిందొకటుంది. ఎంత బరువు రావాలో ముందే నిర్ణయించుకుని కాంటా ఎక్కిన మనిషితో వాదించకూడదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు ఆయన నాకు ఇంకో కాగితం ఇచ్చాడు. అది రాజీనామా. కార్ఖానా మేనేజరుకి హిందీలో రాసింది, రెండు పేజీలు. ఇన్నేళ్ళు ఒక్క బోల్టు పోకుండా కాపాడాననీ, చెయ్యి విరిగిన కుర్చీ మార్చమని పద్నాలుగేళ్ళలో ఎన్నోసార్లు అడిగాననీ, ఆ కుర్చీలో ఇక మేనేజరు గారే కూర్చోవచ్చుననీ ఉంది. కింద ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. వాటిని చదివిన ఏ మేనేజరూ ఆయన్ని మళ్ళీ గేటు దాటనివ్వడు.

"సోమవారం ఇచ్చీస్తాను. సర్వీసు ఎన్నేళ్ళు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు, మిగిలిన సెలవులెన్ని, అన్నీ నువ్వు చూసి సరిగ్గా వెయ్యి. తప్పు పోతే నవ్వుతారు."

వీధి గుమ్మం దగ్గర అప్ప నన్ను ఆపింది. గొంతు తగ్గించి అడిగింది. "ఒరే, అది నిజంగా తిమింగలందేనా?"

"తెలియదప్పా."

"ఇంకేటి తెలుసురా నీకు? ఊరందరికీ లెక్కలు సెప్తావు. ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. ఆ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకెవుడిస్తాడు? సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చు. అవునంటే అవునను, కాదంటే కాదను. నువ్వు తెలీదంటే ఆయనకి అవునని వినిపిస్తన్నాది."

అది నిజం. అప్పటికే వీధిలో ఆరేడుగురు మూట విప్పించుకుని వాసన చూసి వెళ్ళారు. రహస్యమని చెప్పి చూపించడం వల్ల పని త్వరగా జరిగింది. వాళ్ళ పైవాటాలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు గారు మూడుసార్లు వచ్చారు. "అదే, కానీ పాతది" అన్నది ఆయనే. ఆయన సర్వీసులో ఒకసారి పార్సిల్ పెట్టెలో ఇదే సరుకు వచ్చిందట. పెట్టె తెరిచి చూశారా అని అడిగాను. "సీలు వేసి ఉంది, ఎలా తెరుస్తాం?" అన్నారు. మరి ఇదే అని ఎలా తెలిసింది? "వాసన బాబూ, వాసన," అన్నారు గార్డు గారు, సీలు నా ముక్కుకి వేసినట్టు చూసి.

శనివారం మధ్యాహ్నం పరీక్షలు. గార్డు గారు ఫోనులో పరీక్షల పట్టిక పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. బావ ముద్దని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు.

మొదటిది తేలడం. అసలుది నీళ్ళలో తేలాలి. బకెట్టు నిండా కుళాయి నీళ్ళు పట్టి ముద్దని వదిలాను. తొందరేమీ లేనట్టు మెల్లగా దిగి అడుగున కూర్చుంది.

"మునిగింది," అన్నాను.

"ఇవి కుళాయి నీళ్ళు," అన్నాడు బావ. "తిమింగలం కుళాయిలో ఉంటాదేటి?"

మాట సబబుగానే ఉంది. సముద్రపు నీళ్ళు బరువెక్కువ. లీటరుకి ముప్పై అయిదు గ్రాముల ఉప్పు లెక్క. పది లీటర్ల బకెట్టు కాబట్టి మూడువందల యాభై గ్రాములు తూచి కలిపాను. ముద్ద అడుగు నుంచి లేచింది. పైదాకా రాలేదు, మధ్యలో వేలాడింది. బావ నా చేతిలోంచి ఉప్పు ప్యాకెట్టు లాక్కుని మిగిలిందంతా పోసేశాడు. ముద్ద పైకి తేలింది.

"తేలింది! జై భవానీ!" అన్నారు గార్డు గారు.

"అంత ఉప్పు సముద్రంలో ఉండదండీ. ఇలా పోసుకుంటూ పోతే కోడిగుడ్డు కూడా తేలుతుంది."

"నువ్వు కోడిగుడ్డు సంగతి ఎత్తకు, బామ్మర్దీ. శనివారం," అన్నాడు బావ.

నా లెక్క నేను వేసుకున్నాను. బరువు కూరగాయల త్రాసు మీద ఆరువందల నలభై గ్రాములు. అంచుదాకా నింపిన గిన్నెలోంచి అది తోసేసిన నీళ్ళు ఆరువందల ముప్పై మిల్లీలీటర్ల చిల్లర. అంటే నీళ్ళ కంటే నూటికి ఒక పాలు బరువు. అసలుదైతే నీళ్ళ కంటే తేలికగా ఉంటుందని చదివాను. కానీ ముద్దకంటిన ఇసుక బరువు, గిన్నె అంచున కారిపోయిన చుక్కలు, త్రాసు ముల్లు తేడా కలుపుకుంటే నా జవాబు అటు రెండు పాళ్ళు, ఇటు రెండు పాళ్ళు పోవచ్చు. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను: "అసలుది కాకపోవడానికే ఎక్కువ అవకాశం. గట్టిగా చెప్పలేను."

"గట్టిగా చెప్పలేడట!" అన్నాడు బావ గార్డు గారితో, గెలిచినవాడిలా.

రెండో పరీక్ష సూది. గోనెలు కుట్టే దబ్బనాన్ని గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి ముద్దలో గుచ్చాలి. అసలుదైతే నల్లగా కరిగి, తెల్లటి పొగ రావాలి. దబ్బనం బావే గుచ్చాడు. ముద్ద నల్లగా కరిగి, తీగలా సాగింది. తెల్లటి పొగ వచ్చింది. బావా గార్డు గారూ కావలించుకున్నారు.

కరిగేది ఏదైనా కరుగుతుందనీ, మైనం గుచ్చినా తారు గుచ్చినా ఇంతేననీ చెప్పాను. ఎవరూ వినలేదు. నేను కూడా సగమే విన్నాను, ఎందుకంటే నా ముక్కు వేరే పనిలో ఉంది. పైన చేపల వాసనే. కానీ దబ్బనం లోతుగా దిగినప్పుడు వచ్చిన పొగలో చేప లేదు. ఇంకేదో ఉంది. బాగా తెలిసిన వాసన. లారీ నంబరు గుర్తుండి, లారీ ఎవరిదో గుర్తురానట్టు ఉంది.

ఇంటికి వచ్చి వంటింట్లోకి వెళ్ళగానే గుమ్మంలో ఆగిపోయాను. తిమింగలం మా ఇంట్లో కూడా ఉంది. ముద్ద పైనుంచి వచ్చే అదే వాసన, అంతే గట్టిగా. వెతికితే గూట్లో మూత సరిగా పడని డబ్బా కనిపించింది. మూత తీశాను. నెత్తళ్ళు. పెళ్ళి నుంచి వస్తూ అప్ప మా వాటా ఎండుచేపలు తెచ్చిచ్చింది.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. రాయపూర్‌లో ఉండే మావాళ్ళెవరైనా సముద్రం వైపు వెళ్తే ఎండుచేపలు తేకుండా రారు. సంచి సీటు కింద తోస్తారు, బోగీ అంతా గొణుక్కుంటుంది, తిట్లన్నీ హిందీలో వస్తాయి, మనవాళ్ళు హిందీ రానట్టు కిటికీలోంచి చూస్తారు. బావకి ఫోన్ చేశాను.

"బావా, రైల్లో ముద్ద ఎక్కడ పెట్టి తెచ్చావు?"

"చేపల సంచిలో. ఇంకెక్కడ పెడతాను? ఆ సంచిలో సెయ్యి పెట్టే పోలీసోడు ఇంకా పుట్టనేదు." తన తెలివికి తానే నవ్వుకున్నాడు.

"ఎంతసేపు?"

"ఎక్కిన కాడి నుంచి ఇంటికొచ్చేదాకా. పద్నాలుగు గంటలు."

"మరి పద్నాలుగు గంటలు నెత్తళ్ళ మధ్య ఉంటే దానికి నెత్తళ్ళ వాసన రాదా? వీధంతా వాసన చూసింది నీ చేపల సంచినే."

అవతల గోనెసంచి లాగిన చప్పుడు, గట్టిగా ముక్కు పీల్చిన చప్పుడు. దారికొచ్చాడనుకున్నాను.

"తిమింగలం ఏటి తింటాదిరా?" అన్నాడు చివరికి. "చేపలే కదా?"

ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రమే మా వీధిలో శనివారం పూజలు. పక్కింట్లో నిప్పుల మీద ధూపం వేశారు. పొగ మా కిటికీలోంచి వచ్చింది. నేను సర్వీసు రోజుల లెక్క రాస్తున్నాను, పెన్ను ఆగిపోయింది. లారీ ఎవరిదో గుర్తొచ్చింది.

ధూపం ముద్దలు మా వీధికి ఆదివారం ఆదివారం ఒకామె తెచ్చి అమ్ముతుంది. అభన్‌పూర్ వైపు నుంచి బస్సులో వస్తుంది. తలమీద గంప, గంపలో చింతపండు, ధూపం, రోజులు కలిసొస్తే తేనె. మర్నాడు ఆమె వచ్చేసరికి అప్ప ఇంటి అరుగు మీద కాచుకుని కూర్చున్నాను. బావని కూడా బలవంతంగా కూర్చోబెట్టాను. ముద్దని అప్పే తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అదేమిటో చెప్పలేదు.

ఆమె దాన్ని త్రాసు మీద పెట్టలేదు, నీళ్ళలో వెయ్యలేదు. గోటితో గీకి, ఆ గీకిన పొడిని వేళ్ళ మధ్య నలిపి, ఒకసారి చూసింది.

"ఏ హ రాల్ ఆయ్," అంది. సాల వృక్షం బంక అని. ఆ అడవులు మా ఛత్తీస్‌గఢ్ నిండా ఉన్నాయి. ఆమె గంపలోని ధూపం కూడా అదే. "తేల్ మిలే హే," అని కూడా చెప్పింది, నూనె కలిసిందని. తర్వాత వాసన చూసి ముఖం చిట్లించింది. "ఇందులో చేపలెందుకు కలిపారు?" అని అడిగింది హిందీలో, మమ్మల్ని చూసి జాలిపడుతున్నట్టు.

బావ లేచి నిలబడ్డాడు. "సరే, ఎంతకి కొంటావు?"

"పాడైపోయింది కదా, భయ్యా. అర్ధకిలో చింతపండు ఇస్తా."

"చూశావా!" అన్నాడు నా వైపు తిరిగి తెలుగులో. "విలువ లేకపోతే చింతపండెందుకిస్తాది? దీనికి తెలుసు. తెలిసే బోల్తా కొట్టిస్తన్నాది."

అప్ప ఇక ఆగలేదు. లోపలికెళ్ళి ఫోను తెచ్చింది. పెళ్ళివారింటికి, అంటే ఆ చేపల పల్లెలో ఉండే మా చుట్టానికి కలిపి, అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టింది. ఆయనకి రెండు పడవలున్నాయి.

"ఏం బాబూ, మీ ఒడ్డు మీద పడవలకాడ బూడిద రంగు ముద్దలు పడుంటాయి, అవేటి?"

"ముద్దలేటమ్మా? గుగ్గిలమా? పడవ సందులు పూడ్చడానికి నూనేసి మరగబెడతాం. మిగిలింది ముద్దగట్టీసి అక్కడే ఉంచుతాం." ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆయన గొంతు పెంచాడు. "అవునుగాని, పెళ్ళి మర్నాడు మా ముద్దొకటి పోయినాది. అరకిలో పైనుంటాది. ఏ దొంగనా కొడుకు పట్టుకుపోనాడో! పడవ నీళ్ళు కారతన్నాదని రోజంతా ఎతికినాం."

గంపామె మా ముఖాల వంక చూసింది. తెలుగు రాకపోయినా ఆమెకి అంతా అర్థమయిందని నా అనుమానం. అప్ప ఫోను కట్టేసింది. బావ మెట్ల మీద కూర్చున్నాడు. గార్డు గారు పైనుంచి తొంగిచూసి, "నేను ముందే పాతదన్నానుగా!" అన్నారు. 

మా అడవి బంక గుగ్గిలమనే పేరుతో లారీల్లో సముద్రానికి పోతే, సముద్రం ఒడ్డు నుంచి టికెట్టు కొనుక్కుని మా బావ వెనక్కి తెచ్చాడు. రానూ పోనూ వెయ్యి కిలోమీటర్లు తిరిగిన ఆ ముద్ద గంపామె చేతిలోంచి అప్ప చేతిలోకి వచ్చింది. అప్ప కావాలని అర్ధకిలో చింతపండు డబ్బిచ్చి కొంది. ముద్దని మాత్రం ఇవ్వలేదు.

నేను తూకాలు, పాళ్ళు, ఉప్పు గ్రాములు లెక్కవేసుకుంటూ ఒక రోజంతా గడిపి "గట్టిగా చెప్పలేను" దగ్గర ఆగిపోయాను. ఆమె గోటితో ఒక్క నిమిషంలో తేల్చింది. ఆ సంగతి నాకెవరూ గుర్తుచెయ్యలేదు. అప్ప ఒక్కసారి నా వంక చూసింది, అంతే.

సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు. గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ ఉత్తరం..." అన్నాడు.

ఉత్తరం నా టేబులు మీదే ఉంది. లెక్క శనివారం రాత్రే తేలిపోయింది: పద్నాలుగేళ్ళ ఏడు నెలల పదకొండు రోజులు, మిగిలిన సెలవులు నలభై ఒకటి. రెండుసార్లు సరిచూశాను. ఆయన అడిగితే ఇవ్వాలి. రేపు సోమవారం. ముద్ద ఏదైనా కానీ, ఆ కుర్చీ చెయ్యి మాత్రం నిజంగానే విరిగింది. ఆయన ముఖం చూస్తే ఇచ్చేస్తాడనే అనిపించింది. వీధి నవ్వుతుందని తెలిసిన మనిషి ఏ పనైనా చేస్తాడు.

"సెలవుల్లో ఒక రోజు తేడా వస్తోంది, బావా," అన్నాను.

ఇరవై మూడేళ్ళలో తెలిసి నేనిచ్చిన తప్పుడు తూకం అదొక్కటే.

"ఒక రోజా?" అన్నాడు.

"ఒక రోజే. కానీ తప్పు పోతే నవ్వుతారు కదా."

ఆయన క్యాలెండరు దగ్గరికి జరిగి ఒక గడి మీద వేలు పెట్టాడు. "తప్పు మీద సంతకం పెట్టకూడదు," అన్నాడు. స్టోర్‌కీపరు కదా. సోమవారం ఎనిమిదింటికి నా కాంటా ముందు నుంచి, నా వంక చూడకుండా, డ్యూటీకి వెళ్ళాడు.

పడవల చుట్టానికి అప్ప ఒక పార్సిల్ పంపింది. గంపామె దగ్గర కొన్న రెండు కిలోల మంచి రాల్, చేపలు కలపనిది. ఎందుకు పంపిందో ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. మా ముద్ద అప్ప ఇంట్లో నిప్పుల మీద శనివారం శనివారం కొంచెం కొంచెం కాలుతోంది. దోమలు బాగానే పోతాయి గానీ, మొదటి ఆరు నెలలు దేవుడి గది నెత్తళ్ళ వాసన కొట్టేది. కిందటిసారి తూచాను, తొంభై గ్రాములుంది.

కుర్చీ ఇంకా మార్చలేదు. ఉత్తరం నా దగ్గరే ఉంది. మేనేజరు మీద కోపం వచ్చిన రోజు బావ సాయంత్రం కాంటా దగ్గర ఆగుతాడు.

"ఏటి బామ్మర్దీ, ఆ ఒక్క రోజు దొరికిందా?"

"చూస్తున్నాను, బావా. మధ్యలో లీపు సంవత్సరాలున్నాయి."

"తొందరేం నేదులే," అంటాడు. "సరిగ్గా చూడు."